పెట్రోలు రసీదు

సభ మూలన అద్దాల గది నాది.
చెవుల్లో ఒక భాష, నోట్లో ఇంకొకటి.
ఎవరు లేచి నిలబడినా
ముందు నేను గొంతు సవరించుకోవాలి.

ఇవాళ సౌడ్లూ లేచింది.
తాసియులిక్ సభ్యురాలు. అక్కడ మూడువందల పన్నెండు మంది,
ఒక బడి, ఒక దుకాణం, నీళ్ళు మోసే లారీ ఒకటి.
ఆ దుకాణంలో క్యాబేజీ ధర ఎంతో చెప్పినప్పుడు
పోయినేడు సభ నవ్వింది.
ఆమె నవ్వలేదు. ఆ నవ్వును నేను అనువదించలేదు.

"మా రన్‌వే పక్కన దీపాలు ముప్పై.
వెలిగేవి పదకొండు.
నవంబరులో వెళ్ళిన పొద్దు
జనవరి చివరికి గాని మా ఊరు రాదు."

మంత్రి లేచాడు. మంచివాడే, బాగా అలసిపోయాడు.
సాధ్యాసాధ్యాల అధ్యయనం, అన్నాడు.
దాన్ని మా భాషలోకి దించడానికి
నా ఎనిమిదేళ్ళ సర్వీసు చాలలేదు.
"అవుతుందో కాదో చూడాలా వద్దా అని
చూస్తారట" అన్నాను.
గ్యాలరీలో ముసలివాళ్ళు తలలు వంచుకుని నవ్వారు.

సభ్యురాలికి జవాబు తృప్తిగా ఉందా? అధ్యక్షుడు అడిగాడు.
సౌడ్లూ ముక్కు ముడిచింది.
మా వైపు అది 'కాదు'.
కనుబొమ్మలెత్తితే 'అవును'.
మాటలు రాని పిల్లలకు కూడా వచ్చే వ్యాకరణం.
రికార్డులో మాత్రం: సభ్యురాలు మౌనం.
మైకు నొక్కి చెప్పి ఉండొచ్చు నేను.
నా జీతం మాటలకే.

అప్పుడు తీసింది,
సీల్ తోలు సంచిలోంచి, నాలుగు మడతల కాగితం.

"జనవరి తొమ్మిది, రాత్రి.
లీటియా కొడుక్కి ఊపిరి ఆడటం లేదు.
విమానం వచ్చింది. ఊరి మీద రెండుసార్లు తిరిగింది.
కింద నేల ఎక్కడుందో పైలట్‌కి తెలియలేదు.
ఆ మాట ఊరి రేడియోలో చెప్పారు.
పేకముక్కలు బోర్లించి లేచారు, పొయ్యి మీద కుండ దించి లేచారు,
తడితల మీద టోపీ లాక్కుని ఒకామె.
నలభై ఒక్క మంచుబళ్ళు.
రన్‌వేకి అటు ఇరవై, ఇటు ఇరవై,
ఇక్కడితో నేల అయిపోయిందని చెప్పడానికి
చివర్న ఒకటి.
మైనస్ నలభై నాలుగు. ఇంజను ఆపితే మళ్ళీ అంటుకోదు.
గంటా నలభై నిమిషాలు ఆపలేదు ఎవరూ.
కిలాబాక్ తాత బండి లైటు మధ్యలో పోయింది.
టార్చి పట్టుకుని నిలబడ్డాడు,
చేతితొడుగుతో దాని స్విచ్చి నొక్కలేక, తొడుగు తీసేసి.

ఇది ఆ రాత్రి పెట్రోలు రసీదు, అధ్యక్షా.
వేళ్ళు రెండు తీసేశారు, వాటికి రసీదు ఇవ్వలేదు.
సర్కారు వెలిగించాల్సిన దీపాలు మేం వెలిగించాం.
మా డబ్బు మాకివ్వండి."

గుమాస్తా వచ్చి కాగితం అందుకున్నాడు.
దానికో నంబరు వేశాడు.
ఏ పద్దు కింద రాస్తారిది, అని మంత్రి
పక్కనున్న అధికారి చెవిలో అడిగాడు.
మైకు ఆపడం మరిచిపోయాడు.
అదీ అనువదించాను.

పిల్లవాడి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.
తర్వాతి ప్రశ్న చేపల కోటా గురించి.

నాలుగున్నరకి సభ వాయిదా.
కారిడార్లో టీ మెషీను ముందు
సౌడ్లూ చిల్లర వెతుక్కుంటోంది.
నా నాణెం ఇచ్చాను.
ఎనిమిదేళ్ళుగా ఆమె మాటకు గొంతు నేను,
నా గొంతుతో ఆమెను ఒక్క మాటా అడిగింది లేదు.

"మరి పిల్లాడు?" అన్నాను.

పొగలు కక్కే కప్పు అంచు మీదుగా చూసి
కనుబొమ్మలెత్తింది.